లూయీ బ్రెయిలీ

ఇంద్రియములన్నిటిలో కన్ను మేలైనదని పెద్దలందురు. అట్టి కన్నులు రెంటిని పసితనముననే కోల్పోయియు, తనవంటి లక్షలాది జనులకు చదువును ప్రసాదించిన మహనీయుడు లూయీ బ్రెయిలీ.

ఆయన 1809వ సంవత్సరము జనవరి 4వ తేదీన ఫ్రాన్సు దేశమందలి కూవ్రే అను గ్రామమున జన్మించెను. ఆ గ్రామము పారిస్ నగరమునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్నది. మన నిజామాబాదు నుండి బోధనునకు గల దూరమునకు అది ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. తండ్రి గుఱ్ఱములకు జీనులు, కళ్లెములు కుట్టి కుటుంబమును పోషించుచుండెను. నలుగురు బిడ్డలలో లూయీ కడపటివాడు.

మూడేండ్ల ప్రాయమున లూయీ ఒకనాడు తండ్రి పనిచేయు కొట్టములో ప్రవేశించి, తోలును పొడుచు పనిముట్టుతో ఆడుకొనుచుండగా అది జారి కంటిలో గ్రుచ్చుకొనెను. గాయము మానలేదు. ఆ దోషము రెండవ కంటికిని ప్రాకెను. ఐదేండ్లు నిండునప్పటికి బాలుడు పూర్తిగా అంధుడయ్యెను.

ఆ కాలమున అంధులకు భిక్షాటనమే గతియని పెక్కుమంది తలచుచుండిరి. లూయీ తల్లిదండ్రులు అట్లు తలపలేదు. చేతికఱ్ఱ ఊతగా త్రోవ తెలిసికొనుట నేర్పి, కుమారుని ఊరిబడికి పంపిరి. బాలుడు విన్నదానినెల్ల మనసున నిలుపుకొని తోడివారిని మించుచుండెను. కాని వారు పుస్తకము తెఱచినంతనే అతడు ఊరకుండవలసి వచ్చెడిది.

1819లో, పదియేండ్ల వయస్సున, లూయీ పారిస్ నగరమందలి అంధబాలుర పాఠశాలలో చేరెను. అచ్చట కాగితముపై ఉబ్బెత్తుగా అచ్చువేసిన పెద్ద అక్షరములు గల పుస్తకము లుండెను. ఆ లిపి చూచువారి కంటికి ఇంపైనదే గాని, తడవువారి వ్రేలికి అనువైనది కాదు. ఒక్కొక్క అక్షరమును తడవి పోల్చుకొనుచు వాక్యము చివరకు చేరునప్పటికి మొదలు మఱపునకు వచ్చెడిది. ఇక ఆ లిపిలో స్వయముగా వ్రాసికొనుట అసాధ్యము.

1821లో ఛార్లెస్ బార్బియే అను పూర్వ సైనికోద్యోగి కల్పించిన చుక్కల లిపి ఆ పాఠశాలకు వచ్చెను. అందు ఒక్కొక్క గుర్తునకు పండ్రెండు చుక్కల వఱకు ఉండుటచే, అది ఒక్క వ్రేలి కొనకు అందెడిది కాదు. అక్షరక్రమమును విడిచి ధ్వనులను మాత్రమే అది తెలుపుచుండెను. లూయీ ఆ లోపములను గ్రహించి, తీరిక దొరికినప్పుడెల్ల కాగితముపై చుక్కలు పొడుచుచు శ్రమించెను. 1824 నాటికి, పదునైదేండ్ల వయస్సుననే, ఆఱు చుక్కల లిపిని సిద్ధము చేసెను. రెండు వరుసలు, వరుసకు మూడు చుక్కలు. వాని కలయికచే 63 గుర్తు లేర్పడును. ఒక్కొక్క గుర్తు వ్రేలి కొన క్రింద ఇమిడిపోవును. తన చూపును హరించిన పనిముట్టు వంటి మొనగల సాధనముతోనే ఆయన తనవారికి చదువును, వ్రాతను సమకూర్చెను. 1829లో ఈ పద్ధతిని గ్రంథరూపమున ప్రకటించెను. సంగీతమునకును ఇందు గుర్తులు కల్పించెను.

తరువాత ఆయన ఆ పాఠశాలయందే ఉపాధ్యాయు డయ్యెను. కాని కన్నులున్న అధికారులకు ఈ లిపి రుచింపలేదు. తాము చదువజాలని లిపి అంధులకు వలదని వారి తలంపు. 1840 తరువాత కొంతకాలము పాఠశాలలో దాని వాడుకయే నిషేధింపబడెను. అయినను విద్యార్థులు రహస్యముగా దానినే నేర్చుకొనుచుండిరి. మేలేదో వారి వ్రేళ్లకు తెలియును గదా! 1844లో నూతన భవన ప్రారంభోత్సవమున ఆ లిపి శక్తిని బహిరంగముగా ప్రదర్శించుటతో దానికి మరల ఆదరము కలిగెను.

క్షయరోగ పీడితుడై బ్రెయిలీ 1852 జనవరి 6వ తేదీన, 43 ఏండ్ల వయస్సున మరణించెను. రెండేండ్లకు ఫ్రాన్సులో ఆ లిపి అధికారికముగా అంగీకరింపబడెను. మన దేశమున 1951లో భారతీ బ్రెయిలీ ఏర్పడెను. అందు ఒక్క చుక్కయే మన అకారము.

నేడు కంప్యూటరు తెరపై నున్న వ్రాతను చదివి వినిపించు సాధనములు వచ్చినవి. నిజామాబాదు పట్టణమునగాని, బోధను చేల నడుమ నున్న పల్లెలోగాని అంధ విద్యార్థి మీటలు నొక్కుచు శీర్షికనుండి శీర్షికకు సాగి, వలసిన పుటను చెవితో చదువగలడు. కోరినచో అదే వ్రాతను చుక్కలుగా పైకి లేపి వ్రేలికందించు పరికరములును గలవు. అయితే శీర్షికలు లేక పుటను కూర్చినను, బొమ్మకు మాటలలో వివరణ వ్రాయకున్నను, ఆ విద్యార్థికి త్రోవ మూసికొనిపోవును. ఒకరికొఱకు ఏర్పఱచు దారి వారి నడకకు అనువుగా నుండవలెనని బ్రెయిలీ జీవితము మనకు బోధించుచున్నది.