పట్టా లేని పక్షి శాస్త్రజ్ఞుడు - డాక్టర్ సాలిం అలీ

ప్రతి సంవత్సరమూ డిగ్రీ చివరి తరగతి విద్యార్థులు మా వద్దకు వచ్చి, ఇకపై ఏమి చదవవలెనని అడుగుతుంటారు. బి.ఇడి., ఎం.కాం., బ్యాంకు పరీక్ష, గల్ఫు ప్రయాణం - ఈ నాలుగు దారులే వారికి కనిపిస్తాయి. మన పాలమూరు, నల్లగొండ సీమల దక్షిణపు అంచున కృష్ణానది వెంట అమ్రాబాదు అడవి పరచుకొని ఉన్నది. ఆ అడవినీ, అందలి జీవులనూ చదువుగా, జీవనోపాధిగా ఎంచుకొనవచ్చునన్న తలంపు మాత్రం మన పిల్లలకు రాదు. ఆ తలంపుతోనే జీవితమంతా గడిపి, ఇతరులకు దారి వేసిన మహనీయుడు డాక్టర్ సాలిం అలీ.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో సులేమానీ బోహ్రా కుటుంబంలో జన్మించారు. మూడేళ్లు నిండునప్పటికే తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయి, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగారు. బాల్యంలో బొమ్మ తుపాకితో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతుపై పసుపు మచ్చ ఉన్నది. అదేమి పక్షియో తెలియక, మేనమామ సలహాపై బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డు వద్దకు తీసుకొని వెళ్లారు. ఆ దొర బాలుని కసరలేదు. పక్షి పేరు చెప్పి, అక్కడ భద్రపరచిన వందలాది పక్షులను చూపించాడు. ఒక పెద్ద మనిషి చూపిన ఆ కొద్దిపాటి ఆదరణ ఒక జీవితాన్ని మలుపు త్రిప్పినది.

చదువు మాత్రం సాఫీగా సాగలేదు. సెంట్ జేవియర్ కళాశాలలో మొదటి ఏడాదే చదువు విడిచి, కుటుంబ వ్యాపారం చూచుటకు బర్మాలోని టవాయికి వెళ్లారు. 1917లో తిరిగివచ్చి వాణిజ్య న్యాయం, లెక్కల పద్దు చదివారు. ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో జంతుశాస్త్ర పాఠాలూ పూర్తి చేశారు. కాని విశ్వవిద్యాలయ పట్టా లేదన్న కారణాన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రజ్ఞుని ఉద్యోగం ఆయనకు దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరరుగా చేరారు. శాస్త్రం లోతుగా నేర్వవలెనని సెలవు పెట్టి బెర్లిను వెళ్లి, ప్రొఫెసర్ స్ట్రెసెమాన్ వద్ద శిక్షణ పొందారు. 1930లో తిరిగివచ్చేసరికి నిధుల కొరతవల్ల ఆ కొలువే రద్దయినది.

నిరుద్యోగియై, భార్య తెహమీనాతో బొంబాయి సమీపాన సముద్రతీరపు కిహిం గ్రామానికి చేరారు. అక్కడ ఇంటిదగ్గరి చెట్టుకు గిజిగాళ్ల గూళ్లు వ్రేలాడుతున్నాయి. మన నల్లగొండ తాటిచెట్లకు వ్రేలాడేవి అట్టివే. ఆయన గంటల తరబడి కూర్చుండి వాటిని గమనించారు. మగపక్షి గూటిని సగం అల్లి ఆగుతుంది. ఆడపక్షి వచ్చి పరీక్షించి ఒప్పుకొన్న పిదపనే పూర్తిచేస్తుంది. ఆమె గ్రుడ్లు పెట్టిన తరువాత అతడు మరొక గూడు మొదలిడి మరొక జోడు కోసం చూస్తాడు. ఈ పరిశీలన 1931లో ప్రచురితమై ఆయనకు పేరు తెచ్చినది. ఉద్యోగం పోయిన కాలమే ఆయనకు పరిశోధనాకాలమైనది.

ఆ సంవత్సరమే ఆయన మన గడ్డకు వచ్చారు. జీతం వద్దు, మకాం ఖర్చు, ప్రయాణ ఖర్చు భరించిన చాలునని ఆయన చేసిన సూచనను నిజాం ప్రభుత్వం అంగీకరించినది. 1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షుల సర్వే జరిగినది. నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని మన్ననూరు, ఫరహాబాదులలో ఆయన మకాం వేశారు. ఫరహాబాదు అనగా సంతోషపు నెలవు. చెంచుల అడవి అది. ఆనాటి శాస్త్ర పద్ధతిని అనుసరించి నమూనాల కొరకు పక్షులను కాల్చి, చర్మాలు భద్రపరచేవారు. ఈ విషయం దాచవలసిన పని లేదు. ఆ సర్వే ఫలితాలు 1933 నుండి సొసైటీ పత్రికలో వెలువడినవి. మన అడవుల పక్షిసంపద శాస్త్రీయంగా గ్రంథస్థమగుటకు అది గట్టి పునాది.

1939లో తెహమీనా మరణించారు. ఆ దుఃఖాన్ని దిగమ్రింగి ఆయన పనిలోనే నిలిచారు. 1941లో భారతీయ పక్షులపై ఆయన పుస్తకం, 1968-74 మధ్య రిప్లీతో కలిసి వ్రాసిన పది సంపుటాల గ్రంథం వెలువడినవి. భరత్‌పూరు కొలనులకు, సైలెంట్ వ్యాలీ అడవికి రక్షణగా గొంతెత్తారు. 1976లో పద్మవిభూషణ్, గెట్టీ బహుమతి లభించగా, బహుమతి ధనాన్ని ప్రకృతి రక్షణ నిధికి మళ్లించారు. ఒకనాడు పట్టా లేదని త్రోసివేయబడిన ఆయనకు అలీగఢ్, ఢిల్లీ విశ్వవిద్యాలయాలు, 1978లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్లు ఇచ్చినవి. 1900 తరువాత కానరాకుండాపోయిన కలివికోడి 1986లో కడప జిల్లాలో మరల కనిపించినది. దానిని కనుగొన్నది ఆయన జీవితమంతా సేవించిన సొసైటీ పరిశోధకుడే. 1987 జూన్ 20న ఆయన కన్నుమూశారు.

ఈ జీవితం చదివి, పట్టా అవసరమే లేదని కొందరు వాదిస్తారు. మేము అట్లు తలచము. పట్టా లేక ఆయన నష్టపడ్డారు. ఆ లోటు తీర్చుకొనుటకు బెర్లిను దాకా వెళ్లారు. అందరికీ అట్టి మేనమామ, అట్టి వసతి ఉండవు. మన విద్యార్థులకు నేడు దారులున్నవి. సైన్సు పట్టభద్రులు ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్ష వ్రాయవచ్చును. 1982లో స్థాపించిన డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థలో ఎం.ఎస్సీ. ఉన్నది. సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉన్నది. కోయంబత్తూరులో ఆయన పేరనే 1990లో ఒక పరిశోధన కేంద్రం వెలసినది. నల్లగొండ, నాగర్‌కర్నూలు జిల్లాలలో రెండువేల ఆరువందల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన అమ్రాబాదు పులుల అభయారణ్యానికి అడవి తెలిసిన అధికారులు కావలెను.

అయితే పట్టా తలుపు తెరచునే గాని లోపలికి నడిపించదు. నడిపించేది చూచే కన్ను, వ్రాసుకొనే చేయి. ఈ వేసవి సెలవులలో మీ ఊరి చెరువు గట్టున ఒక ఉదయం కూర్చుండి, కనిపించిన పక్షుల పేర్లు ఒక నోటుబుక్కులో వ్రాసి తెండు. పేరు తెలియని పక్షి ఉన్నచో అడుగుడు. మిల్లార్డు వలె మేమును కసరము. తెలియనిచో మీతో కూడి వెదకుదుము.