క్లెస్సీ కమిన్స్

క్లెస్సీ లైల్ కమిన్స్ (1888 డిసెంబరు 27 - 1968 ఆగస్టు 17) అమెరికాకు చెందిన యంత్ర నిర్మాత, పారిశ్రామికవేత్త. ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ పట్టణంలో 1919లో స్థాపితమైన కమిన్స్ ఇంజన్ కంపెనీకి ఇతడు మూలపురుషుడు. 1929లో ఒక పాత ప్యాకార్డ్ కారులోని పెట్రోలు ఇంజనును తొలగించి, దాని స్థానంలో డీజిల్ ఇంజనును అమర్చి నడపడం ఇతని జీవితంలో ప్రధాన ఘట్టం. అమెరికాలో రహదారిపై నడిచిన మొదటి డీజిల్ కారుగా దీనిని పేర్కొంటారు.

బాల్యం, తొలి జీవితం

కమిన్స్ ఇండియానా రాష్ట్రంలోని హెన్రీ కౌంటీలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. ఎనిమిదవ తరగతితో ఇతని చదువు ముగిసింది. పదకొండేళ్ళ వయసులో కొయ్యతో అచ్చు చెక్కి, అందులో కరిగించిన ఇనుము పోసి, చిన్న ఆవిరి యంత్రాన్ని తయారు చేశాడు. 1911లో జరిగిన మొదటి ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందెంలో విజేత రే హరౌన్ కారు సిబ్బందిలో ఇతడు ఒకడు.

కొలంబస్‌లో ఇతడు విలియం గ్లాంటన్ ఇర్విన్ అనే బ్యాంకరు కుటుంబానికి కారు డ్రైవరుగా పనిచేశాడు. ఈ పరిచయమే ఇతని భవిష్యత్తును నిర్ణయించింది. యజమాని ఇచ్చిన పెట్టుబడితో 1919లో కంపెనీ ఏర్పడింది.

కంపెనీ కష్టకాలం

కంపెనీ మొదట హ్విడ్ పేటెంటు ఆధారంగా, పొలం పనులకు ఉపయోగపడే చిన్న ఇంజన్లను తయారు చేసింది. తపాలా ద్వారా వస్తువులు అమ్మే సియర్స్ రోబక్ సంస్థ వీటిని కొనుగోలుదారులకు చేరవేసేది. సరకు నచ్చకుంటే తిరిగి ఇచ్చివేయవచ్చుననే నియమాన్ని ఆసరాగా తీసుకుని చాలామంది రైతులు ఇంజనును వాడుకుని వెనక్కి పంపారు. ఆ వ్యాపారం నష్టాలతో ముగిసింది.

తరువాత కంపెనీ పడవల ఇంజన్లవైపు మొగ్గింది. 1929 అక్టోబరులో న్యూయార్కు స్టాకు మార్కెట్టు కుప్పకూలడంతో విలాస పడవలు కొనేవారు కరువయ్యారు. పదేళ్ళుగా డబ్బు పోస్తున్నా లాభం కనబడని ఇర్విన్, కంపెనీని మూసివేయాలనే ఆలోచనకు వచ్చాడు.

ప్యాకార్డ్ కారులో డీజిల్ ఇంజను

డీజిల్ ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని పిస్టను బాగా కుదించినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఇంత అధిక పీడనాన్ని తట్టుకోవడానికి ఇంజను భాగాలను దళసరిగా పోత పోయవలసి ఉంటుంది. అందువలన ఆ కాలపు డీజిల్ ఇంజన్లు చాలా బరువుగా ఉండి, నెమ్మదిగా తిరిగేవి. ఓడలకు, విద్యుత్ కేంద్రాలకు తప్ప రోడ్డు వాహనాలకు అవి పనికిరావని పలువురి అభిప్రాయం. అయితే అదే కుదింపు వలన అవి ఇంధనాన్ని పొదుపుగా వాడుకునేవి. పైగా డీజిల్ నూనె పెట్రోలు కంటే చౌక.

ఈ రెండు సుగుణాలను తన పెట్టుబడిదారు కళ్ళకు కట్టినట్లు చూపాలని కమిన్స్ నిర్ణయించుకున్నాడు. కొత్త వాహనాన్ని నిర్మించే స్తోమత లేదు. అందుచేత ఒక వాడిన ప్యాకార్డ్ లిమోసిన్‌ను సంపాదించి, అమ్ముడుపోకుండా మిగిలిన పడవ ఇంజన్లలో నుండి నాలుగు సిలిండర్ల ‘యు’ రకం ఇంజనును అందులో బిగించాడు. పెద్ద లిమోసిన్ కనుక దాని ముందు భాగంలో ఆ బరువైన ఇంజనుకు చోటు కుదిరింది.

1929 క్రిస్మస్ నాడు కమిన్స్ ఇర్విన్‌ను ఆ కారులో ఎక్కించుకుని తిప్పాడు. ఆ ప్రయాణం తరువాత ఇర్విన్ మనసు మార్చుకుని, కంపెనీకి మళ్ళీ డబ్బు సమకూర్చడానికి అంగీకరించాడు. 1930 జనవరిలో కమిన్స్ అదే కారును ఇండియానాపొలిస్ నుండి న్యూయార్కు మోటారు ప్రదర్శనకు నడుపుకుంటూ వెళ్ళాడు. సుమారు 1,275 కిలోమీటర్ల ఆ ప్రయాణానికి అయిన ఇంధనం ఖర్చు ఒకటిన్నర డాలరు లోపే. ఈ వార్త పత్రికలలో రావడంతో డీజిల్ ఇంజను గురించి ప్రజలలో ఆసక్తి కలిగింది.

పందేలు, ప్రదర్శనలు

పొదుపుతో పాటు వేగం కూడా సాధ్యమేనని నిరూపించడానికి కమిన్స్ 1930లో మరొక ప్యాకార్డ్‌లో డీజిల్ ఇంజనును అమర్చి, ఫ్లోరిడాలోని డేటోనా సముద్రతీరంలో గంటకు 80 మైళ్ళ (సుమారు 129 కి.మీ.) వేగాన్ని సాధించాడు. 1931లో డ్యూసెన్‌బర్గ్ పందెపు కారులో ఆ వేగం 100 మైళ్ళు (సుమారు 161 కి.మీ.) దాటింది. అదే సంవత్సరం ఇండియానాపొలిస్ పందెంలో డేవ్ ఇవాన్స్ నడిపిన కమిన్స్ డీజిల్ కారు 13వ స్థానంలో నిలిచింది. అయితే 500 మైళ్ళూ ఒక్కసారి కూడా ఆగకుండా పూర్తిచేసిన మొదటి కారుగా అది చరిత్రకెక్కింది.

ఈ ప్రదర్శనల అసలు ఫలితం లారీలలో కనబడింది. రోజంతా బరువు మోసే లారీకి ఇంధనం ఆదాయే లాభం. 1930లలో పలువురు లారీ యజమానులు తమ వాహనాలలోని పెట్రోలు ఇంజన్లను తీసి కమిన్స్ డీజిల్ ఇంజన్లను పెట్టించుకున్నారు. 1934లో ఇర్విన్ బంధువు జె. ఇర్విన్ మిల్లర్ కంపెనీ నిర్వహణను చేపట్టాడు. 1937లో కంపెనీ మొట్టమొదటిసారి లాభం చూసింది.

ఇంజను బ్రేకు

పెట్రోలు కారులో యాక్సిలరేటరు వదిలితే గాలి దారి మూసుకుపోయి, ఇంజనే బండిని కొంత నిలువరిస్తుంది. డీజిల్ ఇంజనుకు అటువంటి మూత లేదు. కనుక పల్లంలో భారమంతా చక్రాల బ్రేకులపైనే పడుతుంది. 1931లో న్యూయార్కు నుండి లాస్ ఏంజెలెస్‌కు డీజిల్ లారీలో వెళ్తుండగా, కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దిగేటప్పుడు కమిన్స్‌కు ఈ లోపం స్వయంగా అనుభవంలోకి వచ్చింది. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పిన లారీ, రైలు దారి దాటే చోట గూడ్సు రైలును ఢీకొనే ప్రమాదం నుండి త్రుటిలో తప్పించుకుంది.

చాలా ఏళ్ళ తరువాత, 1955లో కంపెనీ నుండి విరమించుకున్న అనంతరం, ఇతడు దీనికి పరిష్కారం కనుగొన్నాడు. పిస్టను గాలిని పూర్తిగా కుదించే సమయంలో ఎగ్జాస్టు కవాటాన్ని తెరిచి ఆ గాలిని బయటకు వదిలితే, అది తిరిగి పిస్టనును నెట్టలేదు. అప్పుడు ఇంజను బండి వేగాన్ని హరించే గాలి పంపుగా మారుతుంది. జేకబ్స్ సంస్థ 1961 నుండి ఈ పరికరాన్ని తయారు చేసింది. ‘జేక్ బ్రేక్’ అనే పేరుతో ఇది లారీ డ్రైవర్లకు సుపరిచితమైంది.

చివరి దశ

కమిన్స్ 33 అమెరికా పేటెంట్లు పొందాడు. 1967లో ‘మై డేస్ విత్ ది డీజిల్’ అనే ఆత్మకథను వెలువరించి, మరుసటి సంవత్సరం మరణించాడు. భారతదేశంలో 1962లో పుణెలో కిర్లోస్కర్ కమిన్స్ పేరుతో ఇంజన్ల తయారీ సంస్థ ఏర్పడింది. ఒక పాత కారులో పడవ ఇంజనును బిగించి నడిపి చూపకపోయి ఉంటే, ఆ పేరు కొలంబస్‌ను దాటకముందే మూతబడి ఉండేది.