ఎడారి నదిలో పొగయోడ: చెస్నీ జీవితము

ఫ్రాన్సిస్ రాడన్ చెస్నీ 1789వ సంవత్సరమున ఐర్లండు దేశమున జన్మించి, బ్రిటిషు సైన్యమున ఫిరంగిదళాధికారి యయ్యెను. ఇంగ్లండునుండి హిందూదేశమునకు ఆఫ్రికాను చుట్టివచ్చుటకు నెలలు పట్టుచుండిన కాలమది. దగ్గరిదారి కనుగొనవలెనని ఆయన సంకల్పించెను. ఎడారిప్రాంతమున పారు యూఫ్రటీసు నదిపై 1831 ఆరంభమున తెప్పనెక్కి పయనించి, దాని లోతులు కొలిచెను.

పార్లమెంటు 20,000 పౌనులు మంజూరు చేయగా, 1835లో రెండు ఇనుప పొగయోడలను విడిభాగములుగా సిరియా తీరమున దింపించెను. అచ్చటినుండి యూఫ్రటీసు ఒడ్డునగల బీర్ పట్టణమునకు నూరుమైళ్ళకు పైబడిన దూరము. మంచి బాటలు లేవు. బరువైన బాయిలర్లను ఎద్దులచేతను మనుష్యులచేతను కొండదారుల లాగించి, నదియొడ్డుననే ఓడలను బిగించిరి.

1836 మే 21వ తేదీన పెనుగాలి చెలరేగి, వానిలో 'టైగ్రిస్' అను ఓడ నిమిషములలో మునిగిపోయెను. ఇంచుమించు ఇరువదిమంది మరణించిరి. అందులోనేయున్న చెస్నీ ఒడ్డుచేరి బ్రతికెను. అయినను వెనుదిరుగక, మిగిలిన 'యూఫ్రటీస్' ఓడపై జూన్ నెలలో బస్రా చేరెను.

ఆ జలమార్గము హిందూదేశపు రాజబాట కాలేదు. అయితే సూయెజ్ వద్ద కాలువ త్రవ్వుట సాధ్యమని ఆయన 1830లోనే నివేదించియుండెను. 1869లో ఆ కాలువ తెరువబడెను. ప్రాణమొడ్డి తాను వెదకిన దగ్గరిదారి వేరొకచోట ఏర్పడుట చూచిన పిమ్మటనే, 1872లో చెస్నీ కన్నుమూసెను.