సొంత ఊరిలోనే ఓడిన కామరాజ్: 1967 విరుదునగర్ ఎన్నికలో ఏం జరిగింది?

1967 ఫిబ్రవరి నాటికి దేశ రాజకీయాల్లో కుమారస్వామి కామరాజ్‌ది తిరుగులేని స్థానం. తొమ్మిదేళ్లు మద్రాసు ముఖ్యమంత్రిగా చేశారు. ఆ తర్వాత కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడయ్యారు. నెహ్రూ తర్వాత లాల్‌బహదూర్ శాస్త్రిని, శాస్త్రి తర్వాత ఇందిరా గాంధీని ప్రధాని పీఠంపై కూర్చోబెట్టడంలో ఆయన మాటే చెల్లింది. అంతటి నాయకుడు తాను పుట్టిన విరుదునగర్‌లో అసెంబ్లీ సీటుకు పోటీ చేసి, విద్యార్థి ఉద్యమం నుంచి వచ్చిన ఓ కుర్రాడి చేతిలో 1,285 ఓట్ల తేడాతో ఓడిపోయారు. డీఎంకే అభ్యర్థి పి.శ్రీనివాసన్‌కు 33,421 ఓట్లు, కామరాజ్‌కు 32,136 ఓట్లు వచ్చాయి.

విరుదునగర్ వ్యాపారుల ఊరు. కామరాజ్ 1903 జులై 15న అక్కడే నాడార్ కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. తల్లి శివగామి అమ్మాళ్ ఇల్లు నెట్టుకొస్తుంటే బడి మధ్యలోనే మానేసి మేనమామ బట్టల కొట్లో పనికి కుదిరారు. జలియన్‌వాలా బాగ్ కాల్పుల తర్వాత కాంగ్రెస్‌లోకి వచ్చారు. 1930 ఉప్పు సత్యాగ్రహంతో మొదలై, మొత్తం మీద తొమ్మిదేళ్ల దాకా జైళ్లలోనే గడిచింది. 1941లో జైల్లో ఉండగానే విరుదునగర్ మున్సిపాలిటీ చైర్మన్‌గా ఎన్నికై, విడుదలయ్యాక వెళ్లి ఆ పదవికి రాజీనామా ఇచ్చి వచ్చారు. పార్టీ పని, పదవి రెండూ ఒకే మనిషి మోయలేడన్నది ఆయన వాదన. పెళ్లి చేసుకోలేదు. ఇంగ్లిష్ చదువు అంతంత మాత్రం. మద్రాసు కాంగ్రెస్‌లో నాయకత్వమంటే పట్టాలు పొందిన న్యాయవాదులదే అనుకునే రోజుల్లో, సత్యమూర్తి శిష్యుడిగా ఎదిగి 1940 నుంచి రాష్ట్ర పార్టీని చేతుల్లో పెట్టుకున్నారు.

1954లో రాజాజీ కులవృత్తి విద్యా పథకంపై గొడవ ముదిరి, ఆయన దిగిపోయాక ముఖ్యమంత్రి పీఠం కామరాజ్‌కు వచ్చింది. అప్పటికి ఆయన ఎమ్మెల్యే కాదు. గుడియాత్తం ఉప ఎన్నికలో నిలబడ్డారు. పెరియార్ ఆయనకు మద్దతు పలికారు, డీఎంకే కూడా అండగా నిలిచింది. కాంగ్రెస్‌ను తిట్టిపోసే ద్రవిడ ఉద్యమం కాంగ్రెస్ ముఖ్యమంత్రి గెలుపు కోరుకోవడం వింతే. కామరాజ్ బ్రాహ్మణేతర నాయకుడు, రాజాజీ పథకాన్ని రద్దు చేసిన మనిషి. ఆ లెక్క అక్కడ పనిచేసింది.

ముఖ్యమంత్రిగా మూతపడిన బడులు తెరిపించారు, కొత్తవి వేల సంఖ్యలో పెట్టించారు. ఎట్టయపురంలో 1956లో మొదలైన మధ్యాహ్న భోజనం తర్వాతి దశాబ్దాల్లో దేశమంతా చూసి నేర్చుకున్న పథకమైంది. తల్లికి నెలకు ఇంత అని లెక్కగా డబ్బు పంపేవారని, ముఖ్యమంత్రి తల్లి కదా అని మున్సిపాలిటీ ఆమె ఇంటికి ప్రత్యేకంగా కుళాయి వేస్తే తీయించేశారని విరుదునగర్‌లో చెప్పుకొనే కథలు ఇప్పటికీ ఉన్నాయి.

అయితే ఆయన కేవలం సాధుశీలి అనుకుంటే పొరపాటే. ఎన్నికల యంత్రాంగాన్ని ఆయనంత పట్టుగా నడిపిన వాళ్లు తక్కువ. 1962లో డీఎంకే సిట్టింగ్ ఎమ్మెల్యేలు 15 మందిని ఓడించాలని గురిపెట్టారు. వారిలో కరుణానిధి తప్ప మిగతా వాళ్లంతా ఓడారు. కాంచీపురంలో అన్నాదురై అంతటివాడే ఓ బస్సుల యజమాని చేతిలో ఓడిపోయారు. ఆ దెబ్బ డీఎంకే మర్చిపోలేదు. మొత్తం సీట్లు మాత్రం అదే ఎన్నికలో 15 నుంచి 50కి పెంచుకుంది. గెలుపు సంబరంలో కాంగ్రెస్ ఆ అంకెను పట్టించుకున్నట్టు లేదు.

1963 అక్టోబర్ 2న కామరాజ్ తన పేరుతోనే వచ్చిన ప్రణాళిక కింద పదవి వదిలేశారు. సీనియర్లు కుర్చీలు వదిలి పార్టీ పనికి రావాలన్నది దాని సారం. అదే నెలలో తిరుపతిలో ఆయన, నీలం సంజీవరెడ్డి, నిజలింగప్ప, అతుల్య ఘోష్ కూర్చుని నెహ్రూ తర్వాత ఎవరన్నది మాట్లాడుకున్నారు. సిండికేట్ అన్న పేరు దేశమంతా వినిపించడానికి అదే మొదలు. ఢిల్లీలో కామరాజ్ బలం పెరుగుతున్న కొద్దీ మద్రాసులో పాలన భక్తవత్సలం చేతుల్లో ఉండిపోయింది. 1967 ఫలితం ఎక్కడ మొదలైందని అడిగితే, ఈ దూరం దగ్గరే వెతకాలి.

1965 జనవరి 26 నుంచి హిందీ అధికార భాష కానుండటంతో తమిళ విద్యార్థులు రోడ్డెక్కారు. పోలీసు కాల్పులు జరిగాయి, పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. హిందీని బలవంతంగా రుద్దడం కామరాజ్‌కూ ఇష్టం లేదు. కానీ కాల్పులు జరిపింది ఆయన పార్టీ ప్రభుత్వం, పార్టీ అధ్యక్షుడు ఆయనే. శ్రీనివాసన్ ఆ ఉద్యమంలో ముందు నిలిచిన విద్యార్థి నేతల్లో ఒకరు. డీఎంకే ఆయన్ను ఏరికోరి విరుదునగర్‌కు పంపింది.

ఆపై బియ్యం కరువు. రేషన్ దుకాణాల ముందు వరుసలు, పెరిగిన ధరలు. రూపాయికి మూడు పడుల బియ్యం ఇస్తామని అన్నాదురై మాట ఇచ్చారు. పడి అంటే తమిళనాట ధాన్యం కొలిచే పాత్ర, ఇంట్లో గింజలు కొలిచే ప్రతి ఆడమనిషికీ తెలిసిన లెక్క. దక్షిణ జిల్లాల్లో అన్నను పిలిచినట్టే భక్తవత్సలాన్ని, కామరాజ్‌ను అణ్ణాచ్చి అని పిలుస్తూ, బియ్యం ధర ఏమైంది, పప్పు ధర ఏమైంది అని ప్రాస కట్టి అడిగే నినాదం వీధి వీధినా వినిపించింది. అందులో తిట్టు లేదు. అందుకే పిల్లల నోటికి కూడా ఎక్కింది. జనవరి 12న సినీ నటుడు ఎంజీఆర్‌పై ఎం.ఆర్.రాధా కాల్పులు జరిపాక, మెడకు కట్టుతో ఉన్న ఆయన ఫొటో రాష్ట్రమంతా పోస్టరైంది.

మరోవైపు కామరాజ్‌కు విరుదునగర్‌లో తిరిగేంత తీరిక లేదు. అధ్యక్షుడిగా ఊరూరా తిరగాలి. ఆపై ప్రమాదంలో గాయపడి మంచం పట్టారు. పడుకుని ఉన్నా గెలుస్తానన్న ధీమా ఆయన పేరిట ప్రచారంలోకి వచ్చి, తర్వాత ఎగతాళి మాటగా మిగిలింది. అటు శ్రీనివాసన్ కోసం విద్యార్థులు గడపగడపకూ తిరిగారు. ఒకప్పుడు గుడియాత్తంలో ఆయన గెలుపు కోరుకున్న డీఎంకే ఇప్పుడు ఎదురుగా నిలిచింది. పాత ప్రత్యర్థి రాజాజీ తన స్వతంత్ర పార్టీతో ఆ కూటమిలో చేరారు. పెరియార్ మాత్రం చివరిదాకా కామరాజ్ వైపే ఉన్నారు.

రాష్ట్రం మొత్తం మీద రెండు పార్టీల ఓట్ల శాతం ఇంచుమించు సమానమే. కాంగ్రెస్‌కే కాస్త ఎక్కువ. అయినా కాంగ్రెస్ సీట్లు యాభై దగ్గర ఆగిపోయాయి, డీఎంకేకు సొంతంగా మెజారిటీ వచ్చింది. ప్రతిపక్షం ఓట్లు చీలకుండా పొత్తు కుదరడమే అసలు తేడా తెచ్చింది. భక్తవత్సలం కూడా శ్రీపెరుంబుదూరులో ఓడారు. సిండికేట్ పెద్దల్లో అతుల్య ఘోష్, బొంబాయిలో ఎస్.కె.పాటిల్ సైతం అదే ఎన్నికల్లో ఓడిపోయారు. పక్కనే ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో బ్రహ్మానందరెడ్డి నాయకత్వంలోని కాంగ్రెస్ నిలదొక్కుకుంది. కామరాజ్ ఓటమి విన్న అన్నాదురై సంతోషించలేదని, అంతటి మనిషి ఓడిపోయినందుకు బాధపడ్డారని డీఎంకే వర్గాలే చెప్పుకున్నాయి. కాంచీపురంలో ఓడిన అనుభవం ఆయనకూ ఉంది మరి.

ప్రజల తీర్పును కామరాజ్ తప్పుపట్టలేదు. ఢిల్లీలో మాత్రం ఆయన మాట బరువు తగ్గింది. 1966లో రూపాయి విలువ తగ్గించినప్పుడే ఇందిరతో మొదలైన దూరం 1969 చీలికతో పూర్తయింది. ఆ ఏడాది జనవరిలోనే నాగర్‌కోయిల్ లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక వచ్చింది. డీఎంకే మద్దతు ఉన్న ప్రత్యర్థిని లక్షకు పైగా ఓట్ల తేడాతో ఓడించి కామరాజ్ పార్లమెంటుకు వెళ్లారు. 1971లో మళ్లీ అక్కడి నుంచే గెలిచారు. 1975 అక్టోబర్ 2న మద్రాసులో చనిపోయినప్పుడు, ఆయన ఉన్న ఇల్లు కూడా అద్దెదే.