విజ్ఞానదాత కొమర్రాజు లక్ష్మణరావు పంతులు

ఖమ్మం పట్టణాన్ని ఒరుసుకొని పారే మున్నేరు, దిగువకు సాగి పెనుగంచిప్రోలు గ్రామాన్ని తాకుతుంది. నేటి ఎన్.టి.ఆర్. జిల్లాలోని ఆ గ్రామంలో 1877 మే 18న కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులు జన్మించారు. మూడేళ్ళ పసితనంలోనే ఆయన తండ్రిని కోల్పోయారు. బాల్యం కొంత భువనగిరిలో గడిచింది. పిమ్మట అక్క భండారు అచ్చమాంబగారి అండన నాగపూరులో విద్యనభ్యసించారు. తమ్ముడు చదువుతూండగా తానూ చదువు నేర్చి, స్త్రీల చరిత్రలు రచించిన విదుషీమణి ఆమె. 1900లో ఎం.ఏ. పట్టం పొందిన లక్ష్మణరావుగారు మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారి సంస్థానంలో దివానుగా కుదిరారు.

ఆనాటి హైదరాబాదు రాజ్యంలో పాలన ఉర్దూలో సాగేది. సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ వంటి పండితుల కృషితో 1891లో ఆసఫియా గ్రంథాలయం వెలసి, అరబ్బీ, పారశీక, ఉర్దూ గ్రంథాలకు నిలయమైంది. అది మహత్తర కార్యమే. కాని తెలుగు మాత్రమే ఎరిగిన సామాన్యునికి నగరంలో అటువంటి నీడ లేదు. ఆ కొరత తీర్చడానికి 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ప్రారంభమైంది. మునగాల రాజావారు అండగా నిలువగా, దాని వెనుక నడిచిన ఆలోచన ప్రధానంగా లక్ష్మణరావుగారిది. 1904లో హనుమకొండలోను, 1905లో సికింద్రాబాదులోను ఇటువంటి నిలయాలే వెలిశాయి.

అయితే బీరువాలు ఉన్నంత మాత్రాన చాలునా? శాస్త్రమూ చరిత్రా ప్రజల భాషలో లేనప్పుడు తలుపు తెరిచి ఉన్నా లోపల చీకటే. ఈ సత్యం గ్రహించి 1906లో ఆయన విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పారు. మండలి తొలి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఎరువు పుస్తకాలతో తనంత తానే చదువుకొని, దేశాధ్యక్షుడై, బానిసత్వంపై పోరాడిన మహనీయుని కథ అది. పరాయి పాలనలో ఉన్న పాఠకుల చేతికి మొదట ఆ పుస్తకమే ఇవ్వడం కాకతాళీయమని మేము అనుకోము. రసాయన, జీవశాస్త్రాది గ్రంథాలూ క్రమంగా వెలువడ్డాయి. లక్ష్మణరావుగారు స్వయంగా హిందూదేశ చరిత్రను రచిస్తూ, మహమ్మదీయ యుగానికి ఒక సంపుటాన్నే కేటాయించారు.

ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం ఆయన చివరి తపస్సు. మూడు సంపుటాలు వెలువడినా 'అ' అక్షరం దాటలేదు. 1923 జూలై 12న, నలుబదియారేండ్లకే, మదరాసులో ఆయన కన్నుమూశారు.

పని ఆగిందా? ఆగలేదు. సభ జరపాలంటే సర్కారు అనుమతి కావలసిన ఆ రాజ్యంలో పఠనాలయాలే ప్రజలు కలిసి ఆలోచించే తావులైనాయి. 1921లో ఏర్పడిన ఆంధ్రజన సంఘం గ్రంథాలయ స్థాపనను తన ఆశయాలలో చేర్చుకున్నది. స్వాతంత్ర్యానంతరం 1955లో హైదరాబాదులోను, 1960లో ఆంధ్రప్రదేశ్‌లోను గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతున్నది. అనగా ఒకనాడు దాతల దయగా ఉన్న పుస్తకం నేడు పౌరుని హక్కు. ఆ ఆసఫియాయే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమై, తెలుగు, ఉర్దూ గ్రంథాలను ఒకే కప్పు క్రింద కాపాడుతున్నది.

విద్యార్థులారా! పదునెనిమిదేండ్లు నిండగానే మీకు ఓటు వస్తుంది; వివేకం దానంతట అది రాదు. ఒకే వార్తను తెలుగు పత్రికలోను, ఉర్దూ పత్రికలోను చదివి పోల్చి చూడండి. ఎవరో చెప్పినది నమ్మడానికీ, తాను తెలుసుకొని నిర్ణయించుకోవడానికీ గల భేదం అప్పుడు బోధపడుతుంది. ప్రజాస్వామ్యం నిలిచేది ఆ భేదం మీదనే.

కళాశాల కమిటీ పెద్దలకు మాదొక మనవి. తరగతులు ముగిసిన తరువాత కూడా ఒక గంట గ్రంథాలయం తెరిచి ఉంచి, అడవి అంచు పల్లెల నుండి వచ్చే వారిని సైతం రానివ్వండి. లక్ష్మణరావుగారికి పూలదండల కంటె అదే నిజమైన నివాళి.