ఓడ ఎక్కడానికి భయపడిన మిషనరీ

రేమండ్ లల్ సుమారు 1232లో మధ్యధరా సముద్రంలోని మజోర్కా ద్వీపంలో జన్మించాడు. అంతకు మూడేళ్ల క్రితమే అరగోను రాజు ఆ ద్వీపాన్ని ముస్లిం పాలకుల నుండి గెలుచుకున్నాడు. అందుచేత ఆయన పెరిగిన వీధుల్లో అరబిక్ మాట్లాడేవారు ఎందరో ఉండేవారు. వారిలో చాలామంది బానిసలు. రేమండ్ మాత్రం రాజాస్థానంలో పెద్ద ఉద్యోగి, ధనవంతుడు, కవి. భార్య బ్లాంకా, ఇద్దరు పిల్లలు ఉన్నా పరస్త్రీల మీద ప్రేమగీతాలు కట్టడం మానలేదు.

1263 ప్రాంతంలో ఒక రాత్రి అలాంటి పాటే రాస్తుండగా, తన కుడివైపున సిలువపై వేలాడుతున్న క్రీస్తు ఆయనకు కనిపించాడు. భయంతో వెళ్లి పడుకున్నాడు. కొన్నాళ్లకు మళ్లీ పాట మొదలుపెడితే మళ్లీ అదే దర్శనం. అలా ఐదుసార్లు జరిగాక గానీ ఆయన లోబడలేదు. ముస్లింలకు సువార్త ప్రకటిస్తూ ప్రాణం పెట్టాలని, సత్యాన్ని నిరూపించే గ్రంథం రాయాలని, మిషనరీలకు భాషలు నేర్పే పాఠశాలలు పెట్టమని రాజులను, పోపులను వేడుకోవాలని నిశ్చయించుకున్నాడు. నిశ్చయమైతే చేశాడు గానీ మరో మూడు నెలలు పాత జీవితాన్నే సాగించాడు. అస్సీసీ ఫ్రాన్సిస్ పండుగనాటి ప్రసంగం విన్నాకే, భార్యాబిడ్డలకు కొంత ఉంచి మిగిలిన ఆస్తి అమ్మేశాడు. తర్వాత బ్లాంకా అధికారులను ఆశ్రయించింది. భర్త ఇల్లు పట్టించుకోవడం లేదు, ఆస్తి చూసేందుకు ఒకరిని నియమించండని మొరపెట్టుకుంది. మిషనరీ చరిత్రల్లో ఈ మాట సాధారణంగా కనిపించదు. ఆ ఇల్లాలి కష్టాన్ని దాటవేసి రేమండ్‌ను పొగడటం న్యాయం కాదనిపిస్తుంది.

ఆయన ఏనాడూ గురుపట్టం పొందలేదు. ఫ్రాన్సిస్కన్ మూడవ సభలో చేరిన గృహస్థుడని సంప్రదాయం చెబుతోంది. క్యాథలిక్ సంఘం 1847లో ఆయనను ధన్యుడిగా గుర్తించింది. ప్రొటెస్టెంట్ విశ్వాసులకు ఆయనను దగ్గర చేసింది 1902లో శామ్యూల్ జ్వేమర్ అనే మిషనరీ రాసిన జీవిత చరిత్ర.

అరబిక్ నేర్చుకోవడానికి రేమండ్ తొమ్మిదేళ్లు వెచ్చించాడు. కాసిపేట గనుల చుట్టూ గూడేల్లో గోండి, కొలామి మాట్లాడేవారున్నారు; బొగ్గు పని కోసం వచ్చి స్థిరపడిన మనలో ఎందరికి వారి భాషలో క్షేమసమాచారం అడగడం వచ్చు? రేమండ్‌కు గురువు తాను కొన్న ఒక ముస్లిం బానిస. ఒకనాడు ఆ బానిస క్రీస్తును దూషించాడని తెలిసి రేమండ్ అతని ముఖం మీద కొట్టాడు. అవమానం భరించలేని బానిస కత్తితో పొడిచాడు. గాయపడిన రేమండ్ అతణ్ని చంపనివ్వలేదు, చెరసాలలో ఉంచాడు. విడిచిపెట్టాలా, శిక్షించాలా తోచక మూడు రోజులు ప్రార్థించాడు. తిరిగి వచ్చేసరికి ఆ బానిస ఉరివేసుకొని చనిపోయి ఉన్నాడు. శత్రువును ప్రేమించడం ఎలాగో నేర్చుకోవలసినవాడు తన ఇంట్లోనే ఒక గురువును కొట్టి పోగొట్టుకున్నాడు.

1276లో ఆయన కోరిక మేరకు మిరమార్‌లో మఠం వెలిసింది. పదముగ్గురు ఫ్రాన్సిస్కన్లు అక్కడ అరబిక్ నేర్చేవారు. అది ఎంతోకాలం నిలువలేదు.

ఆయనకు అరవై ఏళ్లు దాటాక అసలైన పరీక్ష వచ్చింది. జెనోవా రేవులో ట్యునిస్ వెళ్లే ఓడ సిద్ధంగా ఉంది. పుస్తకాలు ఓడలోకి ఎక్కించారు, జనం సాగనంపడానికి వచ్చారు. అప్పుడు ఆయనకు భయం పట్టుకుంది. అక్కడికి పోతే చంపుతారు, లేదా జీవితాంతం చెరలో ఉంచుతారు. సామాను దింపించేసుకున్నాడు. ఓడ వెళ్లిపోయింది. ఇన్నేళ్లు బోధించినవాడు వెనకడుగు వేశాడన్న సిగ్గుతో ఆయన మంచం పట్టాడు. మరో ఓడ ఎక్కించుకోమంటే, చావు బతుకుల్లో ఉన్నాడని మిత్రులే దించేశారు. మూడో ఓడ వచ్చినప్పుడు వారి మాట వినకుండా ఎక్కాడు. రేవు దాటగానే జబ్బు నయమైంది!

1293లో ట్యునిస్ పండితులతో మర్యాదగా వాదించాడు. మీ విశ్వాసమే సత్యమని చూపితే అంగీకరిస్తానన్నాడు. చివరికి బంధించారు. మరణశిక్ష పడబోతుంటే ఒక ముస్లిం పండితుడే అడ్డుపడి కాపాడాడు. రాళ్ల దెబ్బలతో దేశం నుండి వెళ్లగొట్టారు. 1307లో బుగియా పట్టణపు సంతలో బిగ్గరగా ప్రకటించి ఆరు నెలలు చెరలో ఉన్నాడు. ఇల్లు, ధనం, భార్యలను ఇస్తామన్నా కదలలేదు. తిరుగు ప్రయాణంలో పీసా దగ్గర ఓడ బద్దలై పుస్తకాలన్నీ పోయాయి, ప్రాణం మాత్రం దక్కింది. అలాంటివాడే 1305లో రాసిన గ్రంథంలో క్రూసేడును కూడా సమర్థించాడు. ఈ రెండూ ఒకే హృదయంలో ఎలా ఇమిడాయో!

ఆయన మొర 1311లో మొదలైన వియెన్ మహాసభలో ఫలించింది. పారిస్, ఆక్స్‌ఫర్డ్, బొలోన్యా, సలమాంకా విశ్వవిద్యాలయాల్లో హెబ్రీ, అరబిక్ వంటి భాషలు బోధించాలని సభ తీర్మానించింది. అప్పటికి ఆయనకు దాదాపు ఎనభై ఏళ్లు.

అయినా 1314లో మళ్లీ ట్యునిస్‌కు ఓడ ఎక్కాడు. 1315 జూన్‌లో బుగియాలో రాళ్లతో కొట్టి చంపారని తరతరాలుగా చెప్పుకున్నారు. కానీ ఆ ఏడాది డిసెంబరులో కూడా ఆయన ట్యునిస్‌లో పుస్తకాలు రాస్తున్నట్టు ఆధారాలున్నాయి. మరణం 1316 ప్రాంతంలో జరిగి ఉంటుంది. సుమారు 260 గ్రంథాలు రాసిన ఆయన సమాధి మజోర్కాలోని పాల్మా పట్టణంలో, ఫ్రాన్సిస్ పేరు పెట్టిన దేవాలయంలో ఉంది.