డార్విన్ పనివేళలు

మన బడిలో చదివినవాళ్ళకు డార్విన్ అంటే జీవశాస్త్రం పుస్తకంలోని తెల్లగడ్డం బొమ్మ. పరిణామ సిద్ధాంతం మాస్టార్లు చెప్పేశారు, దాని జోలికి పోను. ఇంజనీరుగా నన్ను ఆకట్టుకున్నది ఆయన రోజును పంచుకున్న తీరు.

1809లో ఇంగ్లండులో పుట్టారు. 1831 నుంచి 1836 దాకా బీగిల్ ఓడలో లోకం చుట్టి వచ్చారు. ఆ తర్వాత ఒళ్ళు సహకరించలేదు. వాంతులు, గుండెదడ. అతిథులతో కాస్త ఎక్కువసేపు మాట్లాడినా ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. 1842లో లండన్ వదిలి కెంట్ ప్రాంతంలోని డౌన్ అనే పల్లెకు మారి, చివరిదాకా అక్కడే ఉన్నారు.

ఉదయం 8 నుంచి 9:30 దాకా పని. చేయి బాగా సాగే సమయం అదే. తర్వాత గంటసేపు సోఫాలో పడుకుని, ఇంటికొచ్చిన ఉత్తరాలో నవలో ఎవరైనా చదువుతుంటే వినేవారు. 10:30 నుంచి 12 దాకా మళ్ళీ పని. అంతటితో ఆ రోజు అసలు పని ముగిసినట్టే. సాయంత్రం ఇంకో గంట. మొత్తం నాలుగు గంటలు! మా సైట్లో ఎవరైనా ఇంతే చేస్తానంటే మర్నాడు రానక్కర్లేదంటారు.

12 గంటలకు, వానొచ్చినా సరే, ఇసుకబాటలో నడక. చుట్లు లెక్కపెట్టే పని బుర్రకు పెట్టకుండా, దారి పక్కన చెకుముకి రాళ్ళు పోగేసి, చుట్టుకొకటి కాలితో నెట్టేవారు. ఇది చదివినప్పుడు భలే అనిపించింది.

ఈ పద్ధతిలోనే ఓడల అడుగున అంటుకునే బార్నకిల్ జీవుల మీద ఎనిమిదేళ్ళు కూర్చున్నారు. పొరుగింటాయన తన బార్నకిల్ పని ఎక్కడ చేసుకుంటారని వాళ్ళ పిల్లల్లో ఒకరు అడిగారట. నాన్నలందరి పనీ అదేననుకున్నారు పాపం.

అసలు పరీక్ష 1858 జూన్‌లో వచ్చింది. ఇరవై ఏళ్ళుగా తాను దాచుకున్న ఊహే వాలెస్ అనే యువకుడి ఉత్తరంలో కనిపించింది. అదే నెల 28న చంటిబిడ్డ జ్వరంతో పోయాడు. ఎవరికైనా రాత్రింబవళ్ళు రాసెయ్యాలనిపిస్తుంది. ఆయన ఒళ్ళు అందుకు ఒప్పుకోదు. అయినా 1859 నవంబరు 24న 'జాతుల పుట్టుక' పుస్తకం బయటికొచ్చింది.

ఆయనకు ఉద్యోగం లేదు, తండ్రి ఆస్తి ఉంది, ఇల్లంతా భార్య ఎమ్మా చూసుకునేవారు. ఆ నాలుగు గంటల వెనక ఇవన్నీ ఉన్నాయి.

రాత్రి ఎమ్మాతో రెండు ఆటలు బ్యాక్‌గామన్. 1876 నాటికి తాను 2,795, ఆమె 2,490 గెలిచినట్టు లెక్క రాసిపెట్టుకున్నారు. 1882లో కన్నుమూశారు.